కర్ర దగ్గర ఆగిన గజపతి

మా అత్త జంపక్క లెక్కలో ఈ రాష్ట్రం మొత్తానికి పోలీసు అనదగ్గవాడు ఒక్కడే. పేరు సీఐ గజపతి. కాకపోతే ఆయన ఉండేది సినిమాలో.

మొదటి భాగంలో ఆయన మంత్రి బావమరిదిని పట్టుకొచ్చి స్టేషన్ వాకిలి ఊడ్పించాడు. రెండో భాగంలో తన ట్రాన్స్‌ఫర్ ఆర్డరులో మిరపకాయ బజ్జీలు కట్టించుకుని తిన్నాడు. వారెంటు లేకుండా తలుపులు తన్నుతాడు, టోపీ పెట్టుకోడు, పై ఆఫీసరు ఫోన్ చేస్తే ఎత్తడు. కేసు మాత్రం విప్పి తీరుతాడు. ఎవణ్ణయినా కొట్టబోయే ముందు నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకోవడం ఆయన అలవాటు. ఆ రెండు సినిమాలూ టీవీలో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ మా అత్త చూసేది. అద్దాలు తీయగానే చేతిలో చాట కింద పెట్టి చప్పట్లు కొట్టేది.

ఆమె ఖర్మకొద్దీ కన్నకొడుకు కూడా పోలీసే అయ్యాడు. నా మొగుడు చందర్ దుమ్ముగూడెం వైపు కానిస్టేబుల్. హెల్మెట్ పెట్టుకోకుండా బండి స్టాండు కూడా తీయడు. అడవి దారిలో, వెనకా ముందూ కుందేలు కూడా లేని చోట, మలుపు తిరుగుతూ చెయ్యి చూపిస్తాడు. పెళ్లయిన కొత్తలో నేను వెనక కూర్చుని, "ఎవలకు చూపిస్తున్నవ్?" అని అడిగాను. "రోడ్డుకు" అన్నాడు. అలాంటి మనిషి.

"గజపతి అయితేనా..." అని మా అత్త మొదలుపెట్టిందంటే చందర్ చెప్పులు వెతుక్కునేవాడు. ముందటేడు భూమి పండుగ దాకా ఇదంతా నవ్వులాటగానే నడిచింది.

తొలకరికి విత్తనం వేసే ముందు మా కోయ గూడేల్లో చేసుకునే పండుగ అది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఆ రోజుల్లో రోడ్డు ఆడవాళ్లది. దారికి అడ్డంగా కర్ర పట్టి వచ్చే బండినల్లా ఆపుతాం. బొట్టు పెడతాం, పాట పాడతాం. తోచింది చేతిలో పెడితే కర్ర ఎత్తుతాం. ఏమీ లేదన్నవాణ్ణి దింపి మాతో ఆడిస్తాం. ఇసుక లారీ అయినా ఆఫీసరు జీపు అయినా ఆగాల్సిందే, ఆగుతారు కూడా.

ముందటేడు సరిగ్గా ఆ రోజే ఎవరో పెద్ద సారు ఆ దారిన వస్తున్నాడు, రోడ్డు ఖాళీ ఉంచమని చందర్‌కు ఆర్డర్ వచ్చింది. మా ఆయనకు ఆర్డర్ అంటే ఆర్డరే. డ్రెస్సులో వచ్చి "కర్ర తియ్యుండ్రి" అన్నాడు. ఎవరూ కదలలేదు. తనే ఒక కొస పట్టుకుని గుంజాడు. రెండో కొస పట్టుకుని ఉన్నది వాళ్లమ్మ. గుంజిన కర్రను తీసుకుపోయి పొదల్లో పడేశాడు. తీరా ఆ పెద్ద సారు వేరే దారిన పోయాడు.

మా అత్త ఆ సాయంత్రమే మట్టి పిసికి, చూరు కింద తనకో పొయ్యి వేసుకుంది. ఒకే వాకిలి, ఒకే బోరింగు నీళ్లు, పొయ్యి మాత్రం వేరు. కొడుకుతో మాటలు కూడా నా మీదుగానే. "మీ కానిస్టేబులుకు చెప్పు, చూరు కారుతున్నది" అనేది. పక్కనే నిలబడి ఉన్న కానిస్టేబుల్ వెళ్లి నిచ్చెన తెచ్చుకునేవాడు. ఆమె వెదురు కొమ్ముల కూర వండిన రోజు ఆయన నా పప్పు తింటూ అటువైపు గాలి పీల్చేవాడు. అది చూస్తే నాకు నవ్వు వచ్చేది, ఆ వెంటనే ఇంకో గరిటె పప్పు వేసేదాన్ని. ఏడాది పొడుగునా చందర్ ఆమె పొయ్యి పక్కన కూర్చోబోవడం, ఆమె లేచిపోవడం ఇదే సంగతి.

అలా ఏడాది తిరిగి మళ్లీ తొలకరి వచ్చేసరికి గజపతి మూడో భాగం షూటింగ్ మా అడవికి వచ్చింది.

మా అత్త పెట్టెలోంచి కొత్త చీర తీసింది. పొద్దున్నే షూటింగ్ దగ్గరికి పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది.

"ఎట్లున్నడు అత్తా గజపతి?"

"గొడుగు కనవడ్డది."

"మనిషి?"

"గొడుగు కిందున్నడట. మస్తు పెద్ద గొడుగు" అని, చీర మడిచి మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

చందర్‌ను వాళ్ల ఎస్సై షూటింగ్ బందోబస్తుకు వేశాడు. "వాళ్లు చెప్పినట్టు చెయ్యి, ఎదురు చెప్పకు" అని ఆర్డర్. రోజూ ఇంటికొచ్చి నాకు కబుర్లు చెప్పేవాడు. గజపతి వేషం వేసే హీరో బయట చాలా మెత్తటి మనిషట. ఛాయ్ తాగాలన్నా అసిస్టెంటును అడిగి తాగుతాడట. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూస్తాడట. చందర్‌కు ఆయన తెగ నచ్చేశాడు. పాత జీపు తోలడం మాత్రం ఆయనకు రాదట. మొదటి రోజే గేరు మార్చబోయి పుట్టకు గుద్దాడట.

జీపు తోలడానికి హైదరాబాద్ నుంచి హీరో అంత పొడుగు మనిషిని వేరే తెచ్చుకున్నారు. ఆ మనిషి మా దగ్గరి ముంజలు ఎన్నడూ చూడనట్టు తిని భద్రాచలం దవాఖానాలో పడ్డాడు. డైరెక్టర్ ప్రేమ్‌సాగర్ తల పట్టుకుని కూర్చున్నాడట. పక్కన గుంపును ఆపుతూ అటు తిరిగి నిలబడ్డ చందర్ వీపు ఆయన కంట పడింది.

ఆ సాయంత్రం చందర్ నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు.

"రేపు గజపతి జీపు నేనే తోలాల్నట. మీసం పెడతరట, విగ్గు పెడతరట. ఎస్సై సార్‌ను అడిగిన, పో అన్నడు."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వకు. ఎవలకు చెప్పొద్దని మాట తీసుకున్నరు. హీరోనే తోలిండని జనం అనుకోవాల్నట. నీకు కూడా చెప్పొద్దు, కని నీకు చెప్పకుంట నేను ఉండలేను. అమ్మకైతే అసలే వద్దు."

"ఎందుకు?"

"ఆమె దేవుడిని ఖరాబు చేసుడెందుకు?" అన్నాడు.

మర్నాడు భూమి పండుగ. మగవాళ్లు అడవికి పోయారు. మేము మలుపు దగ్గర డోలు పెట్టుకుని, వెదురు కర్ర పట్టుకుని రోడ్డెక్కాము. ఈసారి కూడా ఒక కొస మా అత్తదే. అంతలో సినిమావాళ్ల అసిస్టెంటు మధులత అనే పిల్ల, చెవిలో వైరు, మెడలో కార్డు, పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, మీరు ఇక్కడ కర్ర పట్టుకున్నారని మా సార్‌కు తెలిసింది. చాలా సంతోషించారు. గజపతి దొంగను తరుముతూ జీపులో వస్తాడు. మీ కర్రను గుద్దుకుని వెళ్లిపోతాడు. దెబ్బ తగలకుండా ఈ కర్ర తెచ్చాను." థర్మాకోల్‌తో చేసి వెదురు రంగు వేసిన కర్ర మా అత్త చేతిలో పెట్టింది.

మా అత్త దాన్ని ఒక వేలు మీద నిలబెట్టి చూసింది. "గిది చీపురంత బరువు లేదు. నువ్వే ఉంచుకో బిడ్డా. మాది పండుగ, నాటకం గాదు."

"అది కాదమ్మా. గజపతి ఎవరి మాటా వినడు కదా. అందుకే గుద్దేస్తాడు. సినిమాలో అలా రాశారు."

"గజపతి ఇననిది సర్కారు మాట. మా మాట ఇంటడు. గరీబోళ్ల కర్ర ఆయనెందుకు ఇరగ్గొడతడు? మొదటి సినిమాల తోపుడు బండోడి మీద చెయ్యి లేపినోణ్ణి ఏం చేసిండో చూడలే నువ్వు?"

"చూశానమ్మా. కానీ..."

"మరి? ఆగుతడు. నువ్వు జర ఆ చెట్టు కింద నిలవడి చూడు."

ఆడవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ జీపులో వచ్చేది ఎవరో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. వాళ్లు చెప్పినట్టు చెయ్యమని ఆయనకు ఎస్సై ఆర్డర్ ఉంది. ఆర్డర్ ఉంటే ఏం చేస్తాడో ముందటేడు ఇదే మలుపులో చూశాను. మధులత చెవి వైరులో మాట్లాడుతోంది, "సార్, నిజం కర్రే పట్టుకుంటారట." అటునుంచి డైరెక్టర్ గొంతు నాకూ వినబడింది. "ఇంకా మంచిది. పక్కకు దూకమను. డ్రైవర్‌కు చెప్పాను, ఆపడు."

"అత్తా, కర్ర జర వదులుగ పట్టుకుందాం. జీపు దగ్గరికి రాంగనే ఇడిచిపెడదాం" అన్నాను.

"నీకు మీ కానిస్టేబులు బుద్ధి అంటుకున్నది" అంది మా అత్త, కర్రను చంకలో ఇరికించుకుంటూ.

చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. జీపులో ఉన్నది నీ కొడుకే అంటే, కొడుకు ఆపడనుకుని ఆమె తప్పుకుంటుంది, ప్రాణానికి భయం ఉండదు. కానీ ఈసారి తప్పుకున్నదంటే ఇక ఆ రెండో పొయ్యి ఆరదు. అది కూడా నాకు తెలుసు. ఎటూ తేల్చుకోలేక నేను కూడా ఆమె పక్కనే కర్ర గట్టిగా పట్టుకున్నాను.

మలుపు అవతల ఇంజను అరుపు వినబడింది. దుమ్ములోంచి జీపు వచ్చింది. పైకప్పు లేదు, ముందు సీటులో నల్ల అద్దాలు, కోర మీసం. వెనక కెమెరా బండి. మైకులో డైరెక్టర్ "పో, పో, పో" అంటున్నాడు. డోలు ఆగిపోయింది. మా గూడెం కళావతక్క కర్ర వదిలి పక్కకు దూకింది, ఆమె వెనకే ఇంకో ఇద్దరు. మా అత్త కళ్లు కూడా ఆర్పలేదు.

జీపు ఆగింది. కర్రకూ దానికీ మధ్య జానెడు లేదు. దుమ్మంతా మా మీద కూర్చుంది.

"ఎందుకు ఆపావ్? గుద్దు! కెమెరా నడుస్తోంది, గుద్దు!" మైకు అరుస్తోంది. జీపులో మనిషి తాళం చెవి తిప్పి ఇంజను ఆపేశాడు. కిందికి దిగి కర్ర ముందు నిలబడ్డాడు.

"చూసిండ్రా!" మా అత్త అందరి వైపూ తిరిగింది. "చెప్పిన గదా! ఏయ్ కార్డు పిల్లా, చూసినవా!"

బొట్టు పెట్టేటప్పుడు నుదురు ఒక్కటి తప్ప ఆమె ఆ మొహం చూడనే లేదు. గుళ్లో నిలబడ్డ మనిషికి ఉండే భయమూ భక్తీ ఆమెకు. "పండుగ సారూ, ఏమన్న ఇయ్యి" అంది. ఆ మనిషి చొక్కా జేబులు తడుముకున్నాడు. జీపు తోలేవాడికి ఇచ్చిన ఆ చొక్కాకు జేబులు కుట్టేసి ఉన్నాయి. చేతులు విప్పి చూపించాడు.

"అయితే ఆడాలె!" అని అరిచింది కళావతక్క. డోలు మళ్లీ మోగింది. మా అత్త గజపతి చెయ్యి పట్టుకుంది, నేను రెండో చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. అందరం వరసగా నడుములు పట్టుకుని తిరిగి ఆడాము. మాకు తెలిసిన పాటలన్నీ పాడాము.

ఆట అయ్యేసరికి డైరెక్టర్ రొప్పుతూ వచ్చాడు. "మళ్లీ తీద్దాం. వెనక్కి పోయి మళ్లీ రా. ఈసారి ఆపితే..."

"మళ్ల లేదు" అంది మా అత్త కర్ర పైకెత్తుతూ. "ఒక బండిని పండుగల ఒక్కసారే ఆపుతం. ఇగ ఈ జీపుకు మా కర్ర దిగదు. గది పద్ధతి."

ఆయన ఎంత బతిమాలినా, గూడెం ఆడవాళ్లు ఒక్కరూ ఆ జీపు ముందు కర్ర దించలేదు. అంతలో వాన అందుకుంది. షూటింగ్ వాళ్లు గొడుగులు వెతుక్కున్నారు, మేము తడుస్తూ ఇళ్లకు పోయాము.

చందర్ ఇంటికి వచ్చేసరికి పై పెదవి ఎర్రగా కందిపోయి ఉంది, మీసం అంటించిన జిగురుకు. ఎస్సై తిట్టి బందోబస్తు నుంచి తీసేశాడట. గడప మీద కూర్చుని చేతుల వైపు చూసుకుంటున్నాడు.

"నవతా, నేను ఆర్డర్ ఇనలే" అన్నాడు. వేరేవాడెవడో చేసిన పని చెబుతున్నట్టుంది ఆ గొంతు.

"అమ్మను చూసి ఆపినవా?"

"ఏమో. గుద్దాల్ననే వచ్చిన. కాలు బ్రేకు మీద పడ్డది."

అంతే. ఆ మాట మళ్లీ మేము ఎత్తలేదు.

ఆ వానాకాలమంతా మా అత్త నోట ఒకటే కథ. నాట్లు వేస్తూ చెప్పేది, కలుపు తీస్తూ చెప్పేది, సంతలో గాజులమ్మే ఆమెకు చెప్పేది. "మంత్రి చెప్తే ఇననోడు నా ముందట ఆగిండు. ఇంజను బంద్ జేసి దిగిండు. నా చెయ్యి పట్టుకొని ఆడిండు." చివరికి చందర్ వినేటట్టు గొంతు పెంచేది. "బయటోనికి ఉన్న గ్యానం, కడుపున పుట్టినోనికి లేకపాయె!"

చందర్ తల వంచుకుని నా పప్పు తినేవాడు. నాకు నాలుక దురద పుట్టేది. ఒకరోజు చెప్పేస్తానని లేచాను కూడా. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "మాట ఇచ్చిన" అన్నాడు. చూరు వైపు చూపించి, "చూడు, ఎంత కుషీగున్నదో" అన్నాడు. అటు చూస్తే నిజమే, మా అత్త పొయ్యి ఊదుకుంటూ తనలో తాను నవ్వుకుంటోంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. చేసినవాడు ఇక్కడ, పొగడ్తలన్నీ ఆ గొడుగు కింది మనిషికి!

దసరాకు సినిమా వచ్చింది. మేము కూడా అందులో ఉన్నాం కదా, గూడెం ఆడవాళ్లమంతా రెండు ఆటోలు మాట్లాడుకుని భద్రాచలం పోయాము. చందర్‌కు ఆ రోజు సెలవు. మా అత్త ఒక పక్క, ఆయన ఒక పక్క, మధ్యలో నేను, మాటలు మోయడానికి.

గజపతి వచ్చాడు, తన్నాడు, అద్దాలు తీశాడు, మా అత్త చప్పట్లు కొట్టింది. సగం సినిమా అయ్యాక మా రోడ్డు వచ్చింది. జీపు వచ్చింది. కర్ర ముందు ఆగింది. ఎవరికీ ఆగని గజపతి ఒక ముసలమ్మ కర్ర ముందు ఆగాడు. డైరెక్టర్ గట్టివాడు, మారు మాట్లాడకుండా దాన్నే వాడుకున్నాడు, వెనక సన్నగా సంగీతం కూడా పెట్టించాడు. ఈలలు మొదలయ్యాయి.

తెర మీద అంతా వెనక నుంచే. గజపతి వీపు, ఎదురుగా మా అత్త. ఆమె చెయ్యి చాపి అడుగుతోంది. ఆయన జేబులు తడుముకుంటున్నాడు. అప్పుడు గజపతి, అంత పెద్ద గజపతి, ఒంటి కాలి మీద నిలబడి రెండో పాదంతో పిక్క రుద్దుకున్నాడు.

ఆ రోజు భయంలో నేను కూడా చూడలేదు. కానీ ఆ రుద్దుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. తల్లి గద్దిస్తే చందర్ కాలు దానంతట అదే లేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతేనట.

మా అత్త చప్పట్లు ఆగిపోయాయి. ముందుకు వంగింది. తర్వాత నా మీదుగా తల చాపి చందర్ వైపు చూసింది. మళ్లీ తెర వైపు, మళ్లీ చందర్ వైపు. చందర్ సీటులోంచి కిందికి జారిపోతున్నాడు.

మా అత్త లేచి నిలబడింది. ఆమెకు కోపం వచ్చినా సంతోషం వచ్చినా మాట కోయలోకి మారుతుంది. ముందు కోయలో అరిచింది. ఆ తర్వాత హాలందరికీ అర్థం కావాలని తెలుగులో అరిచింది.

"గాడు గజపతి గాదు! నా కొడుకు చందర్ గాడు! నా కోసం ఆగింది నా కొడుకు!"

వెనక వరస వాళ్లు "కూసో అవ్వా" అన్నారు. ముందు వరసలోంచి, పిల్లలతో సినిమాకు వచ్చిన మా ఎస్సై వెనక్కి తిరిగి చూశాడు. చందర్ సీటు కిందికి పూర్తిగా దిగిపోయాడు. ఎస్సై ఒక క్షణం చూసి, నవ్వి, తనే మొదట ఈల వేశాడు. ఆ తర్వాత ఎవరు ఎవరికి ఈల వేశారో తెలియదు, హాలు ఊగిపోయింది.

మా అత్త నన్ను లేపి నా సీటులో తాను కూర్చుంది. కొడుకు చొక్కా పట్టుకుని పైకి లాగింది.

"ఎందుకు చెప్పలేరా?" ఏడాది దాటాక నేరుగా కొడుకుతో అన్న మొదటి మాట అది.

"మాట తీసుకున్నరమ్మా."

"అమ్మకు చెప్తే పోతదా మాట?"

చందర్ చొక్కా సర్దుకున్నాడు. "గజపతి ఆగిండని నువ్వు గంత సంతోషపడ్డవు. నేనే అని తెలిస్తే గంత సంతోషపడవేమోనని..."

మా అత్త చేతిసంచీతో ఆయన భుజం మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఆ తర్వాత ఆ భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చింది. ఇటు పక్క నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి. ఆఖర్లో గజపతి విలన్‌ను ఎలా చంపాడో మా అత్తకు ఇప్పటికీ తెలియదు. సినిమా అయిపోయేదాకా ఆమె పక్కకు తిరిగి కూర్చుని కొడుకు మొహమే చూసింది.

మర్నాడు పొద్దున గడ్డపార చప్పుడుకు మెలకువ వచ్చింది. లేచి చూస్తే చూరు కింద పొయ్యి లేదు, గిన్నెలన్నీ మా వంటింట్లో ఉన్నాయి. మా అత్త నా పొయ్యి ముందు పీట వేసుకుని, నా పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ, నా వైపు చూసింది.

"గిదేం పప్పే? నీళ్లల్ల నీళ్లు. ఏడాది సంది నా కొడుకుకు గిదేనా పెట్టింది? ఉప్పు ఏడ దాసినవ్? ఈ అల్మార గిట్ల ఎవలు సదిరిండ్రు? గా కొంగు దోపుకో, మంట్ల పడతది."

చందర్ తన కంచం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు, దొంగ. ఏడాదిగా ఆ వంటింటికి నేనే రాణిని. ఒక్క పూటలో గరిటె పోయింది, అల్మారా పోయింది, ఉప్పు డబ్బా పోయింది. కొంగు దోపుకుని గుమ్మంలో నిలబడి, ఆమె పెట్టిన తిట్లన్నీ కడుపునిండా తిన్నాను.